నేలక్రింది గొట్టము – ఊరి జాగరూకత
(తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగపాఠము)



నేను మాటలాడదలచినది సహజవాయువును గూర్చి. వంటయింటి సిలిండరు మన కందరకును పరిచితమే. కాని నేలక్రింద గొట్టములలో వందలమైళ్లు ప్రయాణించు వాయువు కంటబడునది కాదు. దాభోలునుండి బెంగళూరునకు వచ్చు గొట్టపుమార్గము 2013లో ప్రారంభమైనది. అది మన తుమకూరు జిల్లా మీదుగనే పోవుచున్నది. కావున ఇది పరాయివారి ముచ్చట కాదు.

మొదట మేలును చెప్పుట న్యాయము. బొగ్గుకంటె ఈ వాయువు తక్కువ పొగతో మండును. లారీలపై మోయుటకంటె గొట్టము ద్వారా పంపుట మొత్తముమీద క్షేమకరము. అయినను ఏమరుపాటు కలిగినచో ఫలితము దారుణము.

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలో తాటిపాకకు సమీపమున నున్న నగరం గ్రామమందు గెయిల్ సంస్థవారి గొట్టము పగిలెను. వాయువు ఊరిమీద క్రమ్ముకొనెను. ఎచ్చటనో నిప్పు తగిలి ఒక్కసారిగ మండెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరితోటలు, పశుపక్ష్యాదులు దగ్ధమయ్యెను. గొట్టము లోపలినుండి తుప్పుపట్టుటయే ముఖ్యకారణమని విచారణలో తేలెను. పొడివాయువునకై ఉద్దేశింపబడిన గొట్టమందు తేమతో కూడిన వాయువు ప్రవహించుచుండెను. తేమయు, బొగ్గుపులుసు వాయువును కలసినచో ఉక్కు లోలోపలనే క్షీణించును. పైన నేల మాత్రము పచ్చగనే కానవచ్చును.

సహజవాయువునకు స్వతస్సిద్ధముగ వాసన లేదు. గాలిలో అది నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలసినప్పుడు చిన్న నిప్పురవ్వ చాలును. సిలిండరు వాయువు గాలికంటె బరువైనది గనుక నేలనంటి నిలుచును; సహజవాయువు తేలికైనది గనుక పైకి పోవును; మూసిన గదిలో నైనచో కప్పుక్రింద చేరును. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున న్యూలండన్ అను ఊరి పాఠశాల క్రింద ఇట్లే వాసనలేని వాయువు చేరి ప్రేలెను. సుమారు 300 మంది బాలబాలికలు, ఉపాధ్యాయులు మరణించిరి. ఆ వేళ తల్లిదండ్రుల సంఘము వేరొక భవనమున సమావేశమై యుండెను. వాయువునకు దుర్గంధద్రవ్యమును కలుపవలెనను చట్టము అచ్చట ఆ పిమ్మటనే వచ్చినది. మన సిలిండరు వాయువున కుండు దుర్వాసనయు అట్లు కలిపినదే. కాని దూరదేశములకు పోవు పెద్ద గొట్టములలో ఆ ద్రవ్యమును సాధారణముగ కలుపరు.

ఇక రెండవ అపాయము త్రవ్వకము. 2004 జూలై 30న బెల్జియములోని గిలెంగియెన్ వద్ద, అంతకుముందు నిర్మాణపు పనులలో యంత్రము తగిలి దెబ్బతిన్న గొట్టము పగిలి 24 మంది చనిపోయిరి. మనది మెట్టసీమ. నీటికొరకు బోరు వేయించనివాడు అరుదు. గొట్టము పోవు పట్టీలో బావి, చెరువు, కట్టడము, చెట్టు కూడవని 1962 నాటి చట్టము చెప్పుచున్నది. భూమి రైతుదే; వినియోగపు హక్కు మాత్రము గొట్టమువారిది. అందుకు ముట్టు పరిహారము భూమి విలువలో నూటికి 10 పాళ్లు. మన తాలూకాలోని తిరుమణి సౌరవిద్యుత్ క్షేత్రమునకు భూములిచ్చిన రైతులకు ఏటేట కౌలు అందును. గొట్టమున కట్టి కౌలు లేదు. ఈ భేదమును గ్రహించియే సంతకము చేయవలెను.

పర్యావరణము మాట. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురుసంస్థవారి బావి ప్రేలి రెండు మాసములకు పైగా మండెను. మండక లీకై పోవు వాయువును హానికరమే. నూరేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించును. వానలు తప్పుచున్న మన సీమకు ఇది చిన్న విషయమా?

భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఇందు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. గొట్టము రానున్నదను ప్రకటన వెలువడిన పిమ్మట ఆక్షేపణ తెలుపుటకు గడువు 21 దినములే. ప్రకటన మనకు రాని భాషలో నున్నచో ఆ గడువు చదువక మునుపే గడచిపోవును. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము తన కష్టమును గూర్చిన అర్జీని కేంద్రమందు గాని రాష్ట్రమందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను పెట్టుకొను హక్కు ప్రతివానికి కలదు. తెలుగున అర్జీ వ్రాయుటకు సంకోచింపవలదు. అట్లే బిడ్డలకు కన్నడమును చక్కగ నేర్పింపవలెను. పొలముగట్టున పాతిన హెచ్చరిక స్తంభము తెలుగులో నుండదు. దానిని చదువగల బిడ్డ ఇంటికి రక్ష.

తుదకొక్కమాట. ఎచ్చటనైన బుసకొట్టు శబ్దము వినబడినను, తడిమట్టిలో బుడగలు లేచినను, నడుమ గల పైరు మాత్రమే కారణము లేక ఎండిపోయినను బీడీ వెలిగింపరాదు, మోటారుబండి నడుపరాదు, సెల్ ఫోను అచ్చట తీయరాదు. గాలి వచ్చు దిక్కువైపుగ దూరము నడచిపోయి స్తంభముపైనున్న నంబరునకును, 112 నకును తెలుపవలెను. మంటను తామే ఆర్పబోరాదు.

గొట్టమును కాచుట సంస్థ ధర్మము. అది ధర్మము తప్పకుండ అడుగుట ఊరి ధర్మము. ఆ అడుగుట చదువుచేతనే కలుగును గాన, ఈ పాఠశాలను నిలుపుకొనుట మన మొదటి రక్షణ యని విన్నవించి విరమించుచున్నాను.