తీర్మానం శాసనసభది, చట్టం పార్లమెంటుది

 

"మన శాసనసభ తీర్మానం చేసింది కదా, ఇక పౌరసత్వ సవరణ చట్టం ఇక్కడ అమలు కాదు కదా?" అని హైదరాబాదులో చాలామంది తల్లులు అడుగుతుంటారు. అవునని చెప్పి ఊరడించాలని నాకూ ఉంటుంది. కాని ఊరట కంటే నిజం మేలు.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాను చూడండి. 17వ అంశం పౌరసత్వం, విదేశీయులు. 19వ అంశం దేశంలోకి ప్రవేశం, దేశం నుండి బహిష్కరణ. వీటిపై శాసనాధికారం పార్లమెంటుదే. 2019 డిసెంబరు 31న కేరళ, 2020 మార్చి 16న తెలంగాణ శాసనసభలు ఈ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానించాయి. వాటి నైతిక విలువ గొప్పది. అయితే తీర్మానం చట్టాన్ని రద్దు చేయజాలదు. అందుకే కేరళ ప్రభుత్వం 131వ అధికరణం కింద సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

2024 మార్చి 11న కేంద్రం ఈ చట్టానికి నియమావళిని ప్రకటించింది. దాని ప్రకారం దరఖాస్తులను పరిశీలించే జిల్లా కమిటీకి తపాలా శాఖ అధికారి, నిర్ణయం తీసుకునే రాష్ట్రస్థాయి కమిటీకి జనగణన డైరెక్టరు అధ్యక్షులు. అంటే రాష్ట్ర ప్రభుత్వం వద్దన్నా పని ఆగని ఏర్పాటు అది. ఆ తర్వాత ఐదు రోజులకే లోక్‌సభ ఎన్నికల ప్రకటన వెలువడింది. చట్టానికీ ఓటుకూ గల బంధుత్వాన్ని ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ చట్టం తనంతట తానుగా మన పౌరసత్వాన్ని తొలగించదు. మూడు పొరుగు దేశాల నుండి వచ్చినవారిలో ఆరు మతాలవారికి దారి తెరచి, ముస్లిములను మినహాయించింది. దీనికి పౌర పట్టిక తోడైతే ఏమవుతుందన్నదే మన ఆందోళన. 2019 ఆగస్టు 31న అస్సాం తుది పట్టికలో 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు లేకపోవడాన్ని మనం చూశాం.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2019 డిసెంబరులో పార్లమెంటులో తెలంగాణ రాష్ట్ర సమితి ఈ బిల్లును వ్యతిరేకించింది. వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం పార్టీలు రెండూ బలపరిచాయి. మరుసటి జూన్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, జాతీయ జనాభా పట్టికను 2010 నాటి నమూనాలోనే ఉంచాలని తీర్మానించింది. ఢిల్లీలో ఒక మాట, అమరావతిలో మరొక మాట. మనం రెండవ మాటను మాత్రమే విని సంతృప్తి పడ్డాం.

ఇకనైనా వేర్వేరు ప్రశ్నలు వేర్వేరు అభ్యర్థులకు వేద్దాం. శాసనసభ అభ్యర్థి వస్తే, ఇంటింటి లెక్కలకు వెళ్ళే రాష్ట్ర ఉద్యోగులకు ఏ ఆదేశాలిప్పిస్తారని అడగండి. లోక్‌సభ అభ్యర్థి వస్తే, సవరణ కోసం సభలో చేయెత్తుతారా అని అడగండి. రెండు రాష్ట్రాలకు కలిపి 42 లోక్‌సభ స్థానాలున్నాయి. ఆ ప్రశ్నకు బరువుంది.

అడిగే హక్కు ఓటరు జాబితాలో పేరున్నవారిదే. ఈ రాత్రే ఇంటిల్లిపాది పేర్లు సరిచూసుకోండి. పేరు లేకుంటే ఫారం 6, అక్షరం తప్పుంటే ఫారం 8 నింపండి. కొత్త కోడలి పేరును, పద్దెనిమిదేళ్ళు నిండిన బిడ్డ పేరును మరువకండి.