కంట్లో సున్నం పడితే



పసుపులో సున్నం కలిపితే ఏ రంగు వస్తుంది? ఎరుపు. పేరంటాల్లో కాళ్ళకు రాసే పారాణి అదే కదండీ. బట్టమీద పసుపు మరకకు సబ్బు రుద్దినా ఎర్రబడుతుంది. సున్నం, సబ్బు క్షారాలు. నిమ్మరసం, చింతపండు రసం ఆమ్లాలు. ఎర్రబడిన పసుపు మీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగు వస్తుంది. ఎందుకని? ఆమ్లం క్షారాన్ని విరిచేస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక గ్లాసు సున్నపు తేటలో చిటికెడు పసుపు వేశారు. ఎర్రబడింది. 2 చెంచాల నిమ్మరసం పోస్తే ఎరుపు పోయిందనుకోండి. మరి 2 గ్లాసుల తేటకు ఎంత కావాలి? 4 చెంచాలు. బాగుంది.

ఇంకో లెక్క. ఒక గ్లాసు తేటలో మరో గ్లాసు మంచినీళ్ళు కలిపారు. ఇప్పుడు ఎంత నిమ్మరసం కావాలి? చాలామంది 4 అంటారు. కాదండీ! 2 చెంచాలే చాలు. నీళ్ళు పెరిగాయి గాని సున్నం పెరగలేదు. ఘాటు తగ్గింది, అంతే.

రొయ్యల చెరువులోనూ ఇదే లెక్క. పులుపు ఎంతో, క్షారం ఎంతో చెప్పే కొలతను పి.హెచ్. అంటారు. 1909లో డెన్మార్క్ దేశపు సోరెన్‌సెన్ దాన్ని కనిపెట్టాడు. 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. రొయ్యలకు 7.5 నుంచి 8.5 దాకా మంచిది. అందుకే భీమవరం వైపు రైతు అయినా, మరో ఊరి రైతు అయినా నీటిని పరీక్ష చేయించాకే సున్నం చల్లాలి.

ఇక అసలు మాట. పిల్లలు తాంబూలం సున్నం పొట్లాన్ని నొక్కి ఆడుకుంటారు. అది పగిలి కంట్లో చిమ్ముతుంది. సున్నం కంటిని కాల్చేస్తుంది. చూపు పోవచ్చు.

“నిమ్మరసం సున్నానికి విరుగుడు కదా, కంట్లో పిండుదాం” అని ఎవరైనా అంటే ఆపండి! గ్లాసులో అయితే చెంచాతో కొలిచారు. కంట్లో పడ్డ సున్నాన్ని ఎవరు కొలుస్తారు? పైగా నిమ్మరసం కూడా కంటిని కాలుస్తుంది. ఆముదం, చనుబాలు కూడా వద్దు.

మంచినీళ్ళే మందు. నీళ్ళు ఘాటు తగ్గిస్తాయి. పారే నీళ్ళు సున్నాన్ని మోసుకుపోతాయి. కన్ను నలపనివ్వకండి. సున్నం పడ్డ కన్ను కిందికి వచ్చేలా తల పక్కకు వంచండి. రెప్పలు విప్పి పట్టుకుని, కనీసం అరగంట ధారగా నీళ్ళు పోయండి. తరువాత రాజమండ్రి అయినా, కాకినాడ అయినా, ఏది దగ్గరైతే ఆ కంటి ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి.

ముందు నీళ్ళు, తరువాత డాక్టరు. ఈ రాత్రే ఇంటికెళ్ళి సున్నం డబ్బా పిల్లలకు అందని అటక మీద పెట్టండి.