ద్వంద్వ పౌరసత్వము

మా దౌహిత్రుఁడు అమెరికాలో జన్మించి యా దేశపు పౌరుఁడైనాఁడు. “భారతపౌరసత్వము గూడ నుండనిండు, నష్టమేమి?” యని పలువు రడుగుచున్నారు. మన 1955వ సంవత్సరపు పౌరసత్వచట్టము ప్రకారము ఏఁడాదిలోపల భారత కాన్సలేటునందు జననము నమోదు చేయింపవచ్చును. కాని శిశువునకుఁ బరదేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసియీయవలెను. అట్లు నమోదైనను పదునెనిమిదేండ్లు నిండిన యాఱుమాసములలో వాఁడు పరదేశ పౌరసత్వమును విడువకున్న మనది తొలఁగును. పసివానిపై నీ చిక్కేల? అమెరికా పౌరుఁడెచట నార్జించినను ఆ ప్రభుత్వమునకు లెక్క చూపవలయును గదా!

ఓ.సి.ఐ. కార్డు చాలునని నా తలంపు. దానికి ఓటు లేదు, పొలము కొనరాదు. మనవంటి వృద్ధులు గమనింపవలసిన దొకటి: పొలమును దానపత్రముచే వాని కీయరాదు, వారసత్వముచే సంక్రమింపవచ్చును. కావున నేను వీలునామాయే వ్రాయించుచున్నాను.