పిలగాండ్లు తాగొచ్చా?

పట్టాలందుకున్న మీకూ, వెనక వరుసల్లో కళ్లు తుడుచుకుంటున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు. ఇక నా గుండెలో ఉన్న మాటకొస్తాను.

ఈ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ కళాశాలలోనే చదివాను. 1984లో ఉద్యోగంలో చేరాక నీటి పరీక్షలు నా పని. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు నుంచి ఒక రైతు సీసాలో బోరునీళ్లు తెచ్చాడు. లవణాలు, సోడియం చూసి 'సాగుకు పనికొస్తాయి' అని రాసిచ్చాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "సారూ, గీ నీళ్లు పిలగాండ్లు తాగొచ్చా?" అనడిగాడు. అది మా పని కాదన్నాను.

కొన్నాళ్లకు వాళ్ల ఊరెళ్లాను. బత్తాయి మొక్కలు ఏపుగా ఉన్నాయి. పాదులకు నీళ్లు కడుతున్న పదేళ్ల కొడుకు పళ్లు గారపట్టాయి. నడిస్తే మోకాళ్లు రాసుకుంటున్నాయి. ఇంటికీ తోటకీ ఒకటే బోరు.

తెలియదనడానికి వీల్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్‌ను అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించినట్టు 1937లోనే అచ్చయింది. నల్లగొండ పిల్లల వంకర కాళ్ల గురించి 1973లో మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 'లాన్సెట్'లో రాశారు. సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ 'నీరి' సంస్థ ఆ జిల్లా పేరే పెట్టింది. నేను సాగు పేజీలే తిప్పాను.

నీళ్లు మరిగిస్తే సరిపోతుందని ఏ తల్లికైనా చెప్పారో, మీ పట్టా నేనే వచ్చి లాక్కుంటాను. మరిగిస్తే నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఎదిగే వయసులో పంటికి పట్టిన గార జీవితాంతం వదలదు.

2016లో తాగునీటి పథకం మిషన్ భగీరథ మొదలైంది, ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లొచ్చాయి. ఎంతో సంతోషించాను. అయినా నా బెంగ తీరలేదు. పైపు పగిలినా, మోటారు కాలినా బడిపిల్లలు మళ్లీ పరుగెత్తేది ఆవరణలోని చేతిపంపు దగ్గరికే. వ్యవసాయ విస్తరణాధికారులుగా మీరు చేలకు వెళ్తారు. దారిలో బడి దగ్గర ఆగండి. ఆ పంపునీళ్లూ ఒక సీసాలో పట్టించి ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించండి. రైతుకిచ్చే కాగితంలో 'సాగుకు' అన్న వరుస కింద 'తాగడానికి' అని ఇంకో వరుస రాయండి. మీ పని కాదని ఎవరన్నా రాయండి.

ఆ రైతు కొడుకుకిప్పుడు యాభై దాటాయి. నిరుడు కలిశాను. కర్ర పట్టుకుని నన్ను తోటంతా తిప్పి, సంచి నిండా బత్తాయిలు పెట్టి పంపాడు.