పటికబెల్లంలో మెరుపు

పట్టాలు అందుకున్న పిల్లలకూ, వెనక వరసల్లో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న అమ్మానాన్నలకూ అభినందనలు.

1996 నవంబరు 6 తుపాను నాటికి మీరు పుట్టలేదు. మీ ఇళ్లలో విని ఉంటారు. కొబ్బరితోటలు వరసలకు వరసలు నేలకొరిగాయి. మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి ఓ రాత్రి నాకు దగ్గు తెర ఆగడం లేదు. కిరసనాయిలు అయిపోతుందని దీపం ఎప్పుడో ఆర్పేశారు. అమ్మమ్మ తడుముకుంటూ పటికబెల్లం పలుకు కల్వంలో వేసి పొత్రంతో కొట్టింది. దెబ్బ పడగానే కల్వం అడుగున నీలంగా చిన్న మెరుపు! ‘ఇంకోసారి కొట్టవే అమ్మమ్మా’ అన్నాను. ‘ఉన్నది కాస్తా పొడైపోతోందిరా’ అంటూనే ఇంకో పలుకు వేసింది.

దాని సంగతి భౌతికశాస్త్రం చదివాక తెలిసింది. పలుకు పగిలినప్పుడు ఒక ముక్క మీద ధనావేశం, రెండోదాని మీద రుణావేశం మిగులుతాయి. మధ్యనున్న సన్నని సందులో ఎలక్ట్రాన్లు దూకి, గాలిలోని నైట్రోజన్‌ను గుద్దుకుంటాయి. వెలిగేది పంచదార కాదు, ఆ నైట్రోజన్. అందులోనూ ఎక్కువ భాగం అతినీలలోహితం, కంటికి ఆనదు. మనకు దక్కేది దాని అంచునున్న నీలమే. చీకట్లో పంచదార గీకితే మెరుస్తుందని ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే రాశాడు.

2008లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, గాలి తీసేసిన పెట్టెలో మామూలు అంటుటేపు చుట్టను విప్పారు. అక్కడా పటికబెల్లంలోలాగే ఆవేశాలు విడిపోయాయి; అడ్డుకునే గాలి లేక ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని ఎదుటి టేపును గుద్దాయి. ఎక్స్-కిరణాలు పుట్టాయి, వేలి ఎముకను ఫొటో తీసేటన్ని! (ఇంట్లో టేపు విప్పడానికి భయపడకండి, గాలిలో అవి పుట్టవు.) టేపు మీద అంత ఆవేశం ఎలా పేరుకుంటుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ప్రతి ఆఫీసు బల్ల మీదా ఉండే వస్తువది. నాకు నిద్రపట్టనివ్వని ఆశ్చర్యం ఇదే.

ఇలాంటి వెలుగు పనికీ వస్తుంది. ఒత్తిడి పడ్డచోట వెలిగే పూతలపై జపానులో చావో-నాన్ షు బృందం 1999 నాటికే పనిచేసింది. ఉక్కులో పగులు ఎటు పాకుతోందో అలాంటి పూత వెలిగి చూపిస్తుంది. గోదావరి పాయ దాటాలంటే వంతెన తప్పని సీమ మనది. ఎదుర్లంక వంతెనకు అలాంటి పూత వేసి, రాత్రిపూట దాని ఆరోగ్యం చూసేవాళ్లు మీలోంచి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఈ రాత్రి ఓ పని చేయండి. బాగా ఆరిన పటికబెల్లం పలుకు తీసుకోండి. లైట్లన్నీ ఆర్పి, ఫోను పక్కగదిలో పెట్టి, పావుగంట కదలకుండా కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. తర్వాత పటకారుతో నొక్కండి. ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆవిడను పక్కనే కూర్చోబెట్టుకోండి.