దారిలో నిలిచిన కారు

వేసవిలో నూజివీటి తోటలనుండి రసాలగంపలతో బయలుదేరిన పెట్రోలు కారు నడిదారిలో ఆగి మరల కదలకున్నచో, తాళపుచెవిని పదేపదే త్రిప్పరాదు, బ్యాటరీ యుడిగిపోవును. ముందు బండిని బాట యంచునకు ద్రోసి, చెవియొగ్గి వినుడు.

తాళము త్రిప్పినను ఇంజను తిరుగకున్న, దోషము బ్యాటరీయందో, దాని తీగెల పట్టునందో, స్టార్టరునందో యుండును. తిరిగియు అంటుకొనకున్న, తఱచుగా పెట్రోలుగాని నిప్పురవ్వగాని అందుట లేదని గ్రహింపవలయును. నేటి పెక్కు కార్లలో తాళము త్రిప్పినతోడనే టాంకులోని పంపు క్షణకాలము సన్నగా రొదసేయును. అది వినరాకున్న మొదట ఫ్యూజును, పిదప పంపును పరీక్షింపవలయును. చల్లారినపిదప బండి మరల కదలినచో, ఇంజను తిరుగుటను కనిపెట్టు క్రాంకు సెన్సారు వేడికి చెడినదేమో యని శంకింపుడు.

వేడిముల్లు ఎఱ్ఱగీటు దాటియుండిన, రేడియేటరు మూతను వెంటనే తెరువకుడు. మరుగునీరు మొగమున చిమ్మును. కాయ పోయిన మరుయేట కాచును. కన్ను పోయిన మరల రాదు.