బెట్టింగ్ అప్పుకు సంఘం డబ్బు ఇయ్యొచ్చా?

సంవత్సరం లెక్కలు ముందే చదివినారు. నేను పుస్తకాలకు ఎక్కని అప్పు గురించి చెప్తాను.

మా తమ్ముడు ఐపీఎల్ బెట్టింగ్‌లో పడినాడు. మొదటిసారి మా అమ్మ శనగలు అమ్మిన డబ్బుతో కట్టేసింది. వాడు ఒట్టు పెట్టినాడు. ఆరు నెలలు తిరక్కముందే మళ్లీ అప్పు. ఈసారి నా దగ్గరికొచ్చి, "అక్కా, బర్రెల పేరు చెప్పి సంఘంలో తీసియ్యి" అన్నాడు. ఇయ్యనంటిని. నేను కంతు తప్పితే పదిమందికీ బ్యాంకులో మాట పోతుంది. తొమ్మిది దినాలు వాడు నాతో మాట్లాడలేదు. నాకు నిద్ర లేదు. ఇంట్లో ఉన్న పురుగులమందు డబ్బా పక్కింట్లో దాచిపెట్టినాము.

తర్వాత అందరం కూర్చుని, ఎవరికెంతో కాగితం మీద రాయించినాము. పందెం బాకీ కోర్టులో చెల్లదు, 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ అదే చెప్తుంది. చేబదుళ్లు మాత్రం కట్టాల్సిందే. వాడి కూలి డబ్బు అమ్మ చేతికిస్తాడు, అమ్మే పోయి కట్టొస్తుంది. కూడు పెట్టినాము, డబ్బు మాత్రం చేతికియ్యలేదు. 14416 టెలిమానస్‌కు ఫోన్ చేసి మాట్లాడించినాము, అది ఉచితమే.

ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఫోన్లకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు!

కోయిలకుంట్ల సంఘాలకు నా మనవి ఒకటే. బర్రెకని ఇచ్చే అప్పు బర్రెను అమ్మినవాళ్ల ఖాతాకే పోవాలని తీర్మానం రాయండి. నా సంఘంతోనే మొదలుపెట్టండి. మా తమ్ముడి బాకీ ఇంకా తీరలేదు, నన్ను మళ్లీ అడుగుతాడు.